మ్యూల్ డీర్ (పశ్చిమ అమెరికాలో తిరిగే పెద్ద చెవుల జింక) కొమ్ముల్లో వంశపారంపర్యంగా వచ్చే లక్షణాలను వేటలో గుర్తుపట్టవచ్చా?

పట్టవచ్చు. కానీ అందరూ చూసేది కొమ్ముల సైజు. అక్కడే తప్పు.

ముందు నా కడుపుమంట చెప్పుకోనివ్వండి. కొమ్ముకు రెండు కొనలే ఉన్న పోతు (మగ జింక) కనబడగానే "దీని జీన్స్ బాగాలేవు, ఏరిపారేయాలి" అనేవాళ్లు ప్రతి క్యాంపులోనూ ఒకరుంటారు. దానికి రెండేళ్లు కూడా నిండి ఉండవు! కొమ్ములు ఏటా రాలిపోయి కొత్తవి మొలుస్తాయి, అయిదారేళ్ల వయసొస్తే గానీ అసలు సైజు తేలదు. మేత సరిగా లేని ఏడాది ముదురు పోతుకే కొమ్ము సన్నబడుతుంది. పైగా సగం జీన్స్ తల్లివి, ఆవిడకు కొమ్ములే ఉండవు. మూడో తరగతి మార్కులు చూసి తాతముత్తాతల్ని తిట్టినట్టుంటుంది.

వంకరలు, అదనపు కొనలు వేరే సంగతి. ఒక్కదానిలోనే కనిపిస్తే అది దెబ్బ అయినా కావచ్చు. ఇంకా పెరుగుతూ, పైన నూగు చర్మంతో ఉన్నప్పుడు కొమ్ముకు తగిలితే ఆ ఏడాదికే వంకర, మొలిచే చోట తగిలితే ఏటా వంకర. వెనక కాలు విరిగితే ఎదురు వైపు కొమ్ము చెడిపోవడం కూడా ఉంది. అదే వంకర, అదే వైపు, వేర్వేరు వయసు పోతుల్లో కనిపిస్తే మాత్రం అది వంశంలో వస్తున్నదేనని నాకింక అనుమానం ఉండదు.

నేనుండేది కొలరాడోలో, డెన్వర్ దగ్గర. గన్నిసన్ వైపు పోతును వేటాడే లైసెన్సు లాటరీలో తగలడానికి ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టాను, హెచ్‌వన్‌బీ లాటరీయే నయం. నవంబరులో మా పక్కింటి పెద్దాయనతో వెళ్లాను. ఆయన గ్యారేజీ గోడకు రాలిన కొమ్ములు మూడు కొట్టి ఉంటాయి. ఒకే లోయలో మూడేళ్లు వరసగా ఏరినవి, మూడూ కుడివైపువే. మూడింటికీ వెనక పంగ మొదట్లో చిటికెన వేలంత కొక్కెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఏడాదికేడాది కొమ్ము లావెక్కింది గానీ కొక్కెం చోటు మారలేదు.

రెండోరోజు సాయంత్రం ఆ కొమ్ముల ఆసామి కనబడింది. మెడ ఉబ్బి, సేజ్ పొదల్లో ఆడవాటి వెంట తిరుగుతోంది. ఆరువందల గజాల దూరం, నేను కాల్చేది కాదు. ఇంతలో మాకు బాగా దగ్గరగా ఇంకో పోతు లేచింది. కుర్రది, పక్కకు మూడే కొనలు. స్పాటింగ్ స్కోప్ (దూరదర్శిని) తిప్పి చూస్తే కుడివైపు వెనక పంగ మొదట్లో అదే కొక్కెం! పెద్దాయన నా మోచేయి పట్టుకుని మాట్లాడకుండా నవ్వాడు. నేను తుపాకీ దించేశాను. ముదురుది గట్టు దాటి పోయింది. ఆ ఏడాది మా ఫ్రీజర్ ఖాళీ. "అంత ఖర్చు పెట్టి జింకను చూసొచ్చావా?" అని బాపట్ల నుంచి మా బావ ఇప్పటికీ దెప్పుతాడు. తెచ్చుంటే మాత్రం మెచ్చుకునేవాడా? "పాపం జింకను చంపావా" అనేవాడు.

ఒక బయాలజీ స్నేహితుడు డీఎన్ఏ లేకుండా ఏదీ తేలదంటాడు. మగపిల్లలు ఎదిగాక వేరే చోటుకి వెళ్లిపోతాయి కదా, ఇది దాని కొడుకెలా అవుతుందని వాదన. కొడుకని నేనన్నానా? ఆడపిల్లలు తల్లి తిరిగే చోటే ఉండిపోతాయి, కొక్కెం వాటి ద్వారానే దిగుతోందని నా లెక్క. రెండింటికీ ఒకే అమ్మమ్మ ఉండి ఉంటుంది.

అక్కడ చలికాలంలో రాలిన కొమ్ములు ఏరకూడదు. మే చివర్లో మళ్లీ వెళ్తే వాగు పక్కన సన్న కొమ్మొకటి దొరికింది. కుడివైపుదే, కొక్కెంతో సహా. మా ఆవిడ దాన్ని తలుపు పక్కన మేకుకు కట్టి, ఆ కొక్కేనికి కారు తాళాలు తగిలిస్తోంది.