ఊరు మారడానికి 12 లక్షల పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకుంటున్నాం. నాకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 1.35 లక్షలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 30 వేలు. బాబుకు మూడున్నరేళ్లు. వాడికి ఇక్కడ ఆడుకోవడానికి చోటు లేదు, తోడూ లేదు. వర్క్ ఫ్రమ్ హోమ్‌కి మా మేనేజరు సరేనన్నారు. అమ్మానాన్నలకు దగ్గరవుతాం, పిల్లాడికి సందడిగా ఉంటుందని విశాఖపట్నం వెళ్లిపోదామనుకుంటున్నాం. ఆవిడ ఉద్యోగం మానేస్తుంది. మధురవాడ వైపు ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే అమ్మే దాంట్లో, 85 లక్షలకు త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటు వస్తోంది. ఇప్పుడు 25 లక్షలు కట్టాలి, మిగతాది అనుమతులొచ్చాక బ్యాంకు లోను. నా దగ్గర 11 లక్షల ఎఫ్‌డీ ఖాళీగా పడుంది. 12 లక్షలు పర్సనల్ లోను తీసుకుని, 2 లక్షల చిట్టీ పాడదామనుకుంటున్నాను. గూగుల్ వస్తోంది, దసరా దాటితే రేటు పెరుగుతుందని బిల్డరు అంటే లక్ష టోకెన్ ఇచ్చాను. నాన్నకు 66 ఏళ్లు, సుగరుంది. ఆవిడకు థైరాయిడ్ ఉంది. నెల ఖర్చులు జతచేశాను. మధురవాడ మంచిదా, ఎంవీపీ కాలనీ వైపు చూడమంటారా?

జవాబు: మీరడిగింది ఏ పేట మంచిదని. నాకు కనిపించింది వేరే. కొత్త ఊరు, ఒక్కరి జీతం, చిన్న పిల్లాడు, సుగరున్న నాన్నగారు, ఇన్ని పెట్టుకుని మీరు మీ దగ్గరున్న ఆఖరి రూపాయిదాకా బిల్డర్ చేతిలో పెట్టడానికి సిద్ధపడ్డారు. 25 లక్షలు కట్టిన మర్నాడు బాబుకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే అడ్వాన్సు ఎక్కడి నుంచి తెస్తారు? ఉత్తరంలో దానికి జవాబు లేదు. క్రెడిట్ కార్డనకండి.

విశాఖ వెళ్లొద్దని చెప్పడం లేదు. తప్పకుండా వెళ్లండి. ఊరు మారడం ఒక పని, ఇల్లు కొనడం ఇంకో పని. ఊరు మారదామనుకున్నవాళ్లలో సగంమంది ఈ రెండింటినీ ఒకే ముడి వేసుకుని వస్తున్నారు, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను. మొదటి పనికి మీ దగ్గర డబ్బుంది. రెండోదానికి లేదు. లేనిదాన్ని పర్సనల్ లోనుతో పూడుద్దామనుకోవడం దగ్గరే నాకు ఓపిక పోయింది.

మీరు జతచేసిన ఖర్చుల ప్రకారమే లెక్క చూద్దాం. విశాఖలో అద్దె 20 వేలు, ఇంటి ఖర్చు 35, బాబు స్కూలు 8, కారు వాయిదా 11, ఎల్‌ఐసీ నెలకు మూడున్నర, చిట్టీ 10. మొత్తం 87,500. చిట్టీ పాడేశాక వాయిదా ఆగదు, అది గుర్తుంచుకోండి. దీనిమీద 12 లక్షల పర్సనల్ లోను. 13 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే నెలకు 27,300. మొత్తం 1,14,800 అయింది. చేతిలో మిగిలేది 20 వేలు. ఇప్పుడు అనుమతులొచ్చి బ్యాంకు ఒక్కో అంతస్తు స్లాబు పడేకొద్దీ ఇంత చొప్పున డబ్బు విడుదల చేయడం మొదలుపెడుతుంది. 30 లక్షలు విడుదలయ్యేసరికి 8 శాతం మీద వడ్డీయే నెలకు 20 వేలు, ఆ మిగిలిన 20 వేలూ దానికే సరి. ఇల్లింకా సగంలోనే ఉంటుంది, మీరు అద్దె కడుతూనే ఉంటారు. మిగతా 30 లక్షలు కూడా విడుదలై పూర్తి ఈఎంఐ పడితే 20 ఏళ్లకు నెలకు 50 వేల పైచిలుకు. నెలనెలా 30 వేలు తక్కువ పడుతుంది. అప్పుడేం చేస్తారు, ఇంకో పర్సనల్ లోనా?

ఇంతకీ మీ లెక్కలో అసలు కనపడని ఖర్చు ఒకటుంది. కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, అంటే 4.25 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మరో 6.4 లక్షలు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చును ఇంటి విలువలో కలిపి అప్పివ్వొద్దని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అది మీ జేబులోంచే పోవాలి. చెక్కపని, ఫ్యాన్లు, గ్రిల్స్ సంగతి నేనింకా ఎత్తనేలేదు.

ఇక ప్రీలాంచ్. ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం ప్రకారం, రెరా దగ్గర ప్రాజెక్టు నమోదు కాకుండా బుకింగులు తీసుకోకూడదు, ప్రకటనే ఇవ్వకూడదు. నమోదైన ప్రాజెక్టులోనైనా, సేల్ అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాటుకు పది శాతమంటే ఎనిమిదిన్నర లక్షలు. బిల్డరు అడుగుతున్నది 25. అనుమతుల్లేని ప్రాజెక్టుకు బ్యాంకు అప్పివ్వదు కాబట్టే మిమ్మల్ని పర్సనల్ లోను వైపు తోస్తున్నాడు. బ్యాంకు వెనకాడిన చోట మీరు 13 శాతం వడ్డీకి తెచ్చి పెడతానంటున్నారు! హైదరాబాద్‌లో ప్రీలాంచ్ పేరుతో డబ్బు కట్టి పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నవాళ్ల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. 'గూగుల్ వస్తోంది, దసరా దాటితే రేటు పెరుగుతుంది' అన్నాడని రాశారు. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పటి నుంచి మధురవాడ, భోగాపురం వైపు బ్రోకర్లందరి నోటా ఇదే మాట. రేటు పెరగొచ్చు. పెరిగితే ఇంకో ఫ్లాటు ఇంకో పేటలో దొరుకుతుంది.

ఇప్పుడు మీ 11 లక్షలు ఏం చేయాలో చెబుతాను. ఇందులో 8 లక్షలు అత్యవసర నిధి. 87,500ను తొమ్మిదితో గుణిస్తే వచ్చేది దాదాపు అంతే. మామూలుగా ఆరు నెలలు చాలంటారు. మీకు చాలదు. ఎందుకంటే మీ వర్క్ ఫ్రమ్ హోమ్ మేనేజరు నోటిమాట మీద నడుస్తోంది. ఆయన మారితే, కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంటే, మీరు మళ్లీ హైదరాబాద్‌లో ఒక గది, విశాఖలో ఒక ఇల్లు నడపాలి. ఉద్యోగమే పోతే, మీ అనుభవానికి తగ్గ ఉద్యోగం విశాఖలోనే వెంటనే దొరుకుతుందన్న భరోసా లేదు. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి వచ్చినా హైదరాబాద్‌లో ఉన్నన్ని అవకాశాలు అక్కడింకా లేవు. కాబట్టి తొమ్మిది నెలలు. ఆ డబ్బు ఇద్దరి పేరా, ఎవరైనా తీసుకునే వీలుతో ఉండాలి. సగం స్వీప్ ఎఫ్‌డీలో (పొదుపు ఖాతాకు ముడిపడి, కావాలన్నప్పుడు తీసుకునే ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండులో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండు) పెట్టుకోండి. ఇరవై వేలు మాత్రం ఇంట్లో నోట్లుగా ఉంచండి. విశాఖవాళ్లకు దీని సంగతి చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. పాలప్యాకెట్ కొనాలన్నా చేతిలో నోటుండాలి.

ఈ 8 లక్షలను డౌన్ పేమెంటుకు కొంచెం, బావమరిది పెళ్లికి కొంచెం అని ముట్టుకోకండి. 'ఎఫ్‌డీ ఖాళీగా పడుంది' అని మీరు రాసిన మాట నాకు నచ్చలేదు. అది ఖాళీగా లేదు. మీ ఉద్యోగానికి కాపలా ఉంది.

2 లక్షలు ఇల్లు మారడానికి: ప్యాకర్స్, ఇంటి అడ్వాన్సు, స్కూలు అడ్మిషన్. చివరి లక్ష బీమాకు. కంపెనీ ఇచ్చే 5 లక్షల ఆరోగ్య బీమా పాలసీ మీద కుటుంబమంతా ఆధారపడి ఉంది. ఉద్యోగంతోపాటే అదీ పోతుంది, సరిగ్గా మీకు అవసరమైన రోజున. ముగ్గురికీ కలిపి ఒకే పాలసీగా 10 లక్షల ఫ్లోటరు, దానిమీద సూపర్ టాప్-అప్ (ఆ మొత్తం దాటిన ఖర్చుకు అదనపు కవరు), ఈ నెలలోనే తీసుకోండి. విశాఖ వెళ్లాక చూద్దామనకండి. ఆవిడకు థైరాయిడ్ ఉందన్నారు. ఇదివరకే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, ఆ మూడేళ్ల లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది. ప్రపోజల్ ఫారంలో థైరాయిడ్ సంగతి దాచకండి. ఏజెంటు 'రాయకపోయినా పర్లేదండి' అంటే ఏజెంటును మార్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అదొక చిన్న ఊరట.

నాన్నగారికి 66 అన్నారు. అమ్మానాన్నలను మీ ఫ్లోటరులో కలపకండి, పెద్దవాళ్ల వయసును బట్టి అందరి ప్రీమియమూ పెరుగుతుంది. వాళ్లకు విడిగా తీసుకోండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల కవరు ఉంది, నాన్నగారికి అది అందడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఈలోగా ప్రీమియం ఎక్కువైనా భరించాల్సిందే. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) మీకు అసలు లేదు, కోటిన్నరకు తీసుకోండి. తీసుకునేటప్పుడే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద కావాలని చెప్పండి. అలాగైతే ఆ డబ్బు భార్యాబిడ్డలకే చెందుతుంది, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. తర్వాత అడిగితే ఇవ్వరు.

పేటల సంగతి. ఏడాదిపాటు అద్దెకు ఉండండి, నా ఓటు ఎంవీపీ కాలనీ, లాసన్స్‌బే వైపు. రైతు బజారు నడిచి వెళ్లేంత దూరం, అప్పూఘర్ బీచ్ దగ్గర, కైలాసగిరి, జూ మరీ దూరం కాదు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఒక్కటి చాలు, మూడున్నరేళ్లవాడికి వారం కబుర్లు. మధురవాడ కొత్తగా, విశాలంగా ఉంటుంది, ఐటీ కొండలు దగ్గర, కానీ ప్రతి చిన్న పనికీ హైవే ఎక్కాలి. గాజువాక వైపు అద్దె తక్కువే, ఫ్యాక్టరీల గాలి మీద మీకు పట్టింపు లేకపోతే చూడండి. సముద్రానికి మరీ ఎదురుగా ఉండే ఫ్లాటు వద్దు. ఉప్పుగాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు పడుతుంది, గ్రిల్స్‌కి తరచూ రంగు వేయించాలి.

సందడి అంటే బీచ్ అనుకోకండి. బీచ్‌కి మీరు ఆదివారం వెళ్తారు. మిగతా ఆరు రోజులు వాడి ప్రపంచం అపార్ట్‌మెంటు సెల్లారు. ఇల్లు చూడ్డానికి బ్రోకరు పొద్దున పదకొండింటికి రమ్మంటాడు, ఆ వేళప్పుడు ఏ అపార్ట్‌మెంటైనా ప్రశాంతంగానే ఉంటుంది. మీరు సాయంత్రం ఆరింటికి వెళ్లండి. సెల్లారులో చిన్న సైకిళ్లు ఎన్నున్నాయో, లిఫ్టు దగ్గర పిల్లల చెప్పులున్నాయో లేదో చూడండి. 'కార్ల మధ్య ఆడకండ్రా' అని వాచ్‌మన్ అరుస్తుంటే ఆ ఇల్లు తీసుకోవచ్చు. అందరూ రిటైరైనవాళ్లున్న చోట ఎంత పెద్ద బాల్కనీ ఉన్నా బాబుకు తోడు దొరకదు. మే నెలలో ఒకసారి, అక్టోబరు వానల్లో ఒకసారి వెళ్లి నాలుగు రోజులు ఉండి చూసొస్తే ఇంకా నయం.

ఆవిడ ఉద్యోగం మానేయడం మీద మరోసారి ఆలోచించండి. అడగకుండా చెబుతున్నాను, ఆ 30 వేలు మీ ఇంటికి రెండో స్తంభం. విశాఖలో స్కూళ్లకు కొదవలేదు, వచ్చే ఏడాదికి టీచర్లను వేసవికి ముందే తీసుకుంటారు. టీచరు పిల్లలకు ఫీజులో రాయితీ ఇచ్చే స్కూళ్లున్నాయి, ముందు అవి వెతకమనండి. ఇంటర్నేషనల్ బోర్డు చూసి లక్షల్లో తిరిగిరాని అడ్మిషన్ ఫీజు ఈ ఏడాదే కట్టకండి, మీరక్కడ స్థిరపడతారో లేదో మీకే ఇంకా తెలియదు. వర్క్ ఫ్రమ్ హోమ్ సంగతి హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. ఊరు మారితే జీతం తగ్గిస్తారా అని అందులోనే అడగండి.

ఎల్‌ఐసీ పాలసీ పత్రం పంపితే ఆపాలో కొనసాగించాలో చెబుతాను. చిట్టీ మాత్రం ఇప్పుడు పాడకండి. నెలకు 10 వేలు చొప్పున 20 నెలల చిట్టీని మధ్యలో పాడితే మీరనుకున్న 2 లక్షలు చేతికి రావు, పాటలో పోయేది పోతుంది. చివరిదాకా ఉంచండి. ఆ వచ్చింది, ఆవిడ జీతంలో మిగిలింది కలిపితే ఒకటి రెండేళ్లలో ఇంటికి డౌన్ పేమెంటు మొదలైనట్టే. అప్పుడు రెరా నంబరున్న ఫ్లాటో, ఓసీ (నివాసయోగ్య ధ్రువపత్రం) వచ్చిన రెడీ ఫ్లాటో చూద్దాం. ఓసీ వచ్చినదైతే జీఎస్టీ కూడా ఉండదు.

టోకెన్ లక్ష వెనక్కి అడగండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. ప్రాజెక్టు రెరా నంబరు ఇవ్వమని, లేకపోతే డబ్బు తిరిగివ్వమని రాయండి. రశీదు ఉందా? లేకపోతే మీరు పంపిన బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరం దానికి జతచేయండి. జవాబు రాకపోతే ఏపీ రెరాకు ఫిర్యాదు చేయండి. నమోదు కాని ప్రాజెక్టు అమ్మితే ప్రాజెక్టు అంచనా ఖర్చులో పది శాతం దాకా జరిమానా పడుతుందని బిల్డర్లకు బాగా తెలుసు, చాలాసార్లు ఆ ఒక్క మెయిల్‌తోనే దిగొస్తారు. ఒకవేళ ఆ లక్ష రాకపోయినా, దాన్ని కాపాడుకోవడం కోసం మిగతా 24 లక్షలు కట్టే పని మాత్రం చేయకండి.