ఒకే బోరింగు, రెండు ఫోటోలు

సర్కారు తప్పు చేస్తే సరిదిద్దించడంలో కోర్టు, మీడియా, ప్రజలు, వీళ్లలో చివరి మాట ఎవరిది అనే ప్రశ్న తరచూ వస్తుంది. మాది ఒడిశా రాయగడ జిల్లాలో గునుపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. నేను చూసినంతలో ఏ ఒక్కరి మాటతోనూ పని అయిపోలేదు.

కొన్నేళ్ల క్రితం మా వీధికి రెండు బోరింగులు మంజూరయ్యాయి. వేసింది ఒకటే. తెలిసిన విలేకరికి చెబితే తెలుగు పేపర్లో వార్త వేశాడు. కటింగ్ తీసి టీ కొట్టులో అంటించి, ఇక రేపో మాపో కదలిక వస్తుందని కూర్చున్నాం. ఏమీ రాలేదు. ఎలా వస్తుంది? బోరింగుల పని చూసే ఆఫీసులో తెలుగు చదివేవాళ్లే లేరు! మా విలేకరి మంచోడే, కానీ ఆయన వార్త భయపెట్టేది సరిహద్దు అవతల ఆంధ్రా అధికారులను.

తర్వాత ఒక ట్యూషన్ మాస్టారి చేత ఒడియాలో సమాచార హక్కు దరఖాస్తు రాయించి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చాను. చట్టం 30 రోజులంటుంది. గడువు దాటినా జవాబు లేదు. పై అధికారికి మొదటి అప్పీలు వేశాక బోరింగుల బిల్లుల జిరాక్స్ కాగితాలు చేతికొచ్చాయి. చివర్లో రెండు బోరింగుల ఫోటోలు. రెండింటిలోనూ అదే అరుగు, అదే మూతి వంకర బిందె. ఒకే బోరింగును అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి తీశారు.

ఆ కాగితాలు పల్లి సభకు తీసుకెళ్లాను. పల్లి సభ అంటే ఒడిశాలో ఊరి జనమంతా కూర్చునే సభ. మా పెద్దమ్మ ఫోటో కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఓలమ్మా, ఈ బిందె నాదే గదేటి!" అంది. ఊరంతా నవ్వింది. పంచాయతీ సెక్రటరీ నవ్వలేదు, కానీ ఆ మాట రిజిస్టర్లో రాయక తప్పలేదు. ఆ పేజీ నకలుతో ఒడియా పేపర్లో చిన్న వార్త వచ్చాకే బోరు బండి మా వీధిలోకి వచ్చింది.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ కూడా మా జిల్లాలోనే ఉంది, నియమగిరి కొండ. అక్కడి బాక్సైట్ తవ్వకాల కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తవ్వాలో వద్దో తానే తేల్చలేదు. అక్కడి గిరిజనులు డోంగ్రియా కొంధులు ఆ కొండను నియమరాజా అనే దేవుడిగా కొలుస్తారు. వాళ్ల పూజా హక్కులకు దెబ్బ తగులుతుందో లేదో గ్రామసభలే చెప్పాలంది. సభల్లో జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా కూర్చోవాలని కూడా చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో ఏ పల్లెల్లో సభలు పెట్టాలో ఎంచింది రాష్ట్ర ప్రభుత్వమే. కొండ చుట్టూ ఉన్న పల్లెలు ఎన్నో, ఎంచినవి 12. ఆ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా 12కి 12 పల్లెలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. కోర్టు అడగకపోతే ఆ పల్లెల మాట రికార్డుకెక్కేది కాదు. కొండవాళ్లు అంతకుముందు ఏళ్ల తరబడి పోరాడకపోతే కోర్టుకు అడగాలనీ తోచేది కాదు.

మా బోరింగు సంగతికొస్తే, దొంగ బిల్లు పెట్టినవాళ్ల మీద ఏ చర్యా లేదు. వాళ్ల మీద ఫిర్యాదు రాయించడానికి మాస్టారి దగ్గరికి వెళ్తే, "నీళ్లొచ్చాయిగా, ఇంకెందుకు?" అన్నారు. కాగితాలు మాత్రం దాచే ఉంచాను.