ఏటా ఎండాకాలం ఏసీకి గ్యాస్ ఎక్కించాల్సి వస్తోందంటే లీకు ఉన్నట్టే

కావలిలో బట్టల షోరూం, మేడ మీద 8.5 టన్నుల డక్టబుల్ ఏసీ (పెద్ద గొట్టాల గుండా చల్లగాలి పంపేది), మార్చి వచ్చిందంటే "గ్యాస్ అయిపోయింది సార్" అని మెకానిక్ నింపి పోతున్నాడు, ఇది మామూలేనా అని ఒకాయన అడిగారు. మామూలు కాదన్నాను. అది బండిలో పెట్రోలు కాదు తిరిగే కొద్దీ అయిపోవడానికి. గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ నుంచి వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి, అక్కడి నుంచి లోపలి కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి ఆ గ్యాసే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతోంది.

అయితే ముందు, నిజంగా తగ్గిందో లేదో చూడాలి. నేను ఒంగోలు నుంచి కావలి దాకా ఫంక్షన్ హాళ్లు, షోరూంల ఏసీలు చూస్తుంటాను, గ్యాస్ తక్కువైందని పిలిచిన చోట చాలాసార్లు గ్యాస్ బాగానే ఉంటుంది, కండెన్సర్ దుమ్ముతో మూసుకుపోయి మే నెల మధ్యాహ్నం హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వైపు ఒత్తిడి) పెరిగి మిషన్ ట్రిప్ అయి ఆగిపోతుంటుంది. గ్యాస్ తక్కువైతే సక్షన్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు ఒత్తిడి), హెడ్ రెండూ పడిపోతాయి, లోపలి కాయిల్ మీద ఒక పక్కే మంచు కడుతుంది. కండెన్సర్ మూసుకుపోతే హెడ్ పైకి పోతుంది. అందుకే కండెన్సర్ కాయిల్ కడిగించాకే ప్రెషర్ గేజులు తగిలించమనండి. మామూలు నీళ్లే చాలు, బైకులు కడిగే ప్రెషర్ పంపు కొడితే కాయిల్ మీది సన్నటి రెక్కలు వంగిపోతాయి.

మన తీరంలో ఇంకో పీడ ఉప్పుగాలి. రాగి గొట్టానికి అల్యూమినియం రెక్క ఆనే చోట ఉప్పు తేమ చేరితే రెక్కను తినేస్తుంది, వేలితో రుద్దితే తెల్ల పొడి రాలుతుంది. మీ యూనిట్ సముద్రం వైపు తిరిగి ఉంటే నెలకోసారి కడిగించడం దండగ కాదు.

ఇక లీకు. గ్యాస్‌తో పాటు కొంచెం ఆయిల్ కూడా బయటికొస్తుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లటి జిడ్డు మచ్చ కనిపిస్తుంది. పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర, కండెన్సర్ చివర వంపుల దగ్గర, గ్యాస్ ఎక్కించే సర్వీస్ వాల్వుల దగ్గర టార్చి వేసి చూడండి. వాల్వు మీద ఇత్తడి మూత లేని మిషన్లు మన వైపు ఎన్నో, మెకానిక్ విప్పి పక్కన పెట్టి మర్చిపోతాడు, లోపలి పిన్ను నుంచి సన్నగా కారుతూనే ఉంటుంది. సబ్బు నురగ పూస్తే బుడగలు లేస్తాయి. అలా దొరక్కపోతే నైట్రోజన్ ఎక్కించి ఒక రాత్రి ఉంచాలి. మధ్యాహ్నం గేజు మీద 300 పీఎస్‌ఐ ఒత్తిడి పెడితే తెల్లవారుజామున చల్లదనానికి పది దాకా తగ్గడం సహజం, అంతకు మించితే లీకే. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొస్తే మాత్రం గేటు దగ్గరే ఆపేయండి, ప్రెషర్ మీద ఆక్సిజన్ కంప్రెసర్ ఆయిల్‌కి తగిలితే పేలుతుంది.

లీకు మూసి, తేమను పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్చాక వాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయడం. ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు. గేజు ముల్లు కిందికి దిగగానే పంపు ఆపేస్తారు, లోపల తేమ ఎంత మిగిలిందో ఆ ముల్లుకి తెలియదు. వాక్యూమ్‌ని సూక్ష్మంగా కొలిచే మైక్రాన్ గేజు పెట్టి 500 మైక్రాన్ల కిందికి దించి, పంపు ఆపి, అక్కడే నిలుస్తుందా అని చూడాలి. ఆర్-410ఏ అనే గ్యాస్ మిషన్లలో వాడే ఆయిల్ గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఆ తేమతో లోపల యాసిడ్ తయారై కంప్రెసర్ వైండింగ్ పోతుంది.

గ్యాస్ ఎప్పుడూ తూకం వేసే ఎక్కించాలి. ఎన్ని కిలోలన్నది యూనిట్ ప్లేటు మీదే ఉంటుంది, పైపు పొడవు ఎక్కువైతే దానికి అదనం. "సక్షన్ 70 వచ్చింది చాలు" అనే లెక్క పాత గ్యాస్ ఆర్-22 నాటిది, 410ఏకి మామూలు సక్షనే 115 దాటుతుంది. 410ఏ, ఇంకో గ్యాస్ 407సీ, రెండూ వేర్వేరు గ్యాసుల మిశ్రమాలు, ఆవిరిగా తీస్తే పాళ్లు మారొచ్చు కాబట్టి సిలిండర్ తలకిందులు చేసి ద్రవంగానే తీయాలి. 407సీ మిషన్ చాలాకాలం కారితే మిశ్రమం పాళ్లు మారతాయి, పైపైన కలపకుండా ఉన్నది సిలిండర్‌లోకి తీసేసి మొత్తం కొత్తది వేయించండి.

మీది ఆర్-22 అయితే అందులో 410ఏ వేస్తానన్నవాణ్ని నమ్మొద్దు, ఆ ప్రెషర్‌కి మిషన్ తట్టుకోదు, ఆయిల్ కూడా కలవదు. ఆర్-22తో కొత్త ఏసీల తయారీ మన దేశంలో 2025 నుంచి ఆగిపోయింది. కాయిల్ కూడా పొడి రాలే స్థితికి వచ్చి ఉంటే రిపేరుకి ఒప్పుకునే ముందు కొత్త యూనిట్ ధర ఒకసారి కనుక్కోండి.