లాన్ ట్రాక్టర్ హైడ్రోస్టాటిక్‌లో 90 ఆయిలా, హైడ్రాలిక్ 68 ఆ?

అనంతపురంలో కాలేజీ గ్రౌండు గడ్డి కోసే హైడ్రోస్టాటిక్ లాన్ ట్రాక్టర్ (నూనె ఒత్తిడితో చక్రాలు తిరిగే రకం) గురించి అడిగారు. పొద్దున అరగంట బాగానే లాగుతుంది, ఎండెక్కాక కట్ట వాలు మీద పెడల్ అడుగంటా తొక్కినా కదలడం లేదు, మెకానిక్ 90 గేర్ ఆయిల్ పోయమంటున్నాడు, షాపులో హైడ్రాలిక్ 68 ఇస్తామంటున్నారు అన్నారు. రెండూ వద్దన్నా.

ముందు బానెట్ మీద పేరు సంగతి పక్కన పెట్టండి. వెనక చక్రాల మధ్య ఉండే ట్రాన్సాక్సిల్ (పంపు, మోటారు, ఇరుసు కలిసిన పెట్టె) చాలా బండ్లలో వేరే కంపెనీది. టార్చి వేసి చూస్తే అల్యూమినియం కేసింగ్ మీద చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. జిడ్డు, గడ్డి పొట్టు పేరుకుని ఉంటే సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. డీజిల్‌తో రుద్దితే మోడల్ నంబరు కూడా పోతుంది. హైడ్రో-గేర్ అని ఉంటే చాలా మోడళ్లకు 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిలే. అది దొరక్కపోతే 15డబ్ల్యూ-50 సింథటిక్. టఫ్ టార్క్ కె46 అయితే మొదట్లో 10డబ్ల్యూ-30 చెప్పేవాళ్లు, తర్వాత వాళ్లదే 5డబ్ల్యూ-50 సింథటిక్ వచ్చింది. మన ఎండలకు ఆ రెండోదే మేలు. కుబోటా అయితే వాళ్ల యూడీటీ ఆయిలే పోయండి, అందులో ఇంజన్ ఆయిల్ కలపొద్దు.

68 ఎందుకు పనికిరాదంటే, ఆ 68 అన్నది 40 డిగ్రీల దగ్గరి చిక్కదనం, సెంటీస్టోక్స్ అనే కొలతలో. 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 9 మాత్రమే మిగులుతుంది. అదే వేడిలో 20డబ్ల్యూ-50 చిక్కదనం 16.3కి తగ్గదు. ఈ ట్రాన్స్‌మిషన్‌లో క్లచ్చి లేదు, పంపు పిస్టన్లు నూనెను నెడితే ఆ ఒత్తిడికే మోటారు తిరుగుతుంది. నూనె పలచబడితే పిస్టన్ల పక్కసందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు లాగి, వేడెక్కాక చతికిలబడడానికి కారణం ఇదే.

90 ఆయిల్‌కు వేడిలో చిక్కదనం సరిపోతుంది, చిక్కు దాని మందుతో. గేరు పళ్ల కోసం కలిపే గంధకం, ఫాస్ఫరస్ మందు బాగా వేడెక్కితే ఇత్తడి, కంచు భాగాలను తినేస్తుంది. 

అయితే డబ్బాలు కొనకముందు మూడు చూడండి. ట్రాన్సాక్సిల్ మీద ఫ్యాను, దాని కింద కేసింగ్‌కు ఉండే కూలింగ్ రెక్కలు: ఎండుగడ్డి, ఎర్రమట్టి కలిసి పిడకలా అంటుకుని ఉంటాయి, గాలి ఆడకపోతే ఏ నూనె పోసినా ఉడికిపోతుంది. డ్రైవ్ బెల్టు వదులైందేమో చూడండి. బండిని చేత్తో తోసుకోవడానికి ఉండే బైపాస్ లివర్ పూర్తిగా మూసుకుందో లేదో చూడండి. సగంలో ఆగిపోయినా ఇదే లక్షణం. నాకు తెలిసి ఇలాంటి ఫిర్యాదుల్లో రెక్కలు శుభ్రం చేస్తేనే చాలా వరకు తేలిపోతాయి.

నూనె మార్చేటప్పుడు మూత చుట్టూ దుమ్ము బ్రష్‌తో, గాలితో పోగొట్టాకే తెరవండి. చిటికెడు ఇసుక చాలు, పంపు గీతలు పడడానికి. డ్రెయిన్ ప్లగ్ ఉంటే సుళువు, ఫిల్టరు ఉన్న మోడలైతే అదీ మార్చండి. కె46కు డ్రెయిన్ ప్లగ్ లేదు, కిందికి దించి బోర్లించి కారనివ్వాల్సిందే. వచ్చిన నూనె పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, నల్లగా మాడు వాసన వస్తే బాగా కాలింది, వెండి మెరుపులు కనిపిస్తే లోపల అరుగుదల. కొలత చల్లగా ఉన్నప్పుడే చూసి గుర్తు వరకే పోయండి. ఎక్కువ పోస్తే వేడికి వ్యాకోచించి గాలి రంధ్రంలోంచి కారుతుంది.

పోశాక గాలి తీయకపోతే చేసిందంతా వృథా. ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనక చక్రాలు నేలకు తగలకుండా స్టాండ్ల మీద ఎత్తండి, బ్లేడు ఆపేయండి. బైపాస్ తెరిచి, ఇంజన్ నెమ్మది మీద ఉంచి పెడల్‌ను మెల్లగా ముందుకూ వెనక్కూ ఐదారు సార్లు తొక్కండి. బైపాస్ మూసి మళ్లీ అంతే చేయండి. ఇంజన్ ఆపి మట్టం చూసి, తగ్గినంత పోయండి. చక్రాలు ముందుకూ వెనక్కూ మామూలు వేగంతో తిరుగుతూ, శబ్దం తగ్గేదాకా ఇలాగే.

ఆ తర్వాత గడ్డి కోసేటప్పుడు ఇంజన్ ఫుల్ రేస్‌లోనే ఉంచాలి, వేగం పెడల్‌తో తగ్గించుకోవాలి. రేస్ తగ్గిస్తే ఫ్యానూ తగ్గుతుంది, మేలో మధ్యాహ్నం పూట అది అస్సలు కుదరదు. ఇంత చేసినా అరగంటకు మళ్లీ ఆగిపోతే పంపు, మోటారు అరిగాయని అర్థం. అప్పుడు ఇంకా చిక్కటి నూనె, స్టాప్-లీక్ డబ్బాలు అంటూ డబ్బు తగలేయకండి. ట్రాన్సాక్సిల్ విప్పించి సిలిండర్ బ్లాకులు (పిస్టన్లు ఉండేవి), అవి ఆనుకుని తిరిగే సెంటర్ సెక్షన్, వీటి ముఖాలు చూపించండి, వేలిగోరు తగిలేంత గీత ఉంటే ఆ భాగాలు మార్చాల్సిందే.