త్సెదకా అంటే దానమా, ధర్మమా?

సందేహం: అమెరికాలోని యూదుల సమాజసేవ గురించి ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. అందులో 'త్సెదకా' అనే హీబ్రూ మాట పదే పదే వస్తోంది. నేను 'దానం' అని రాస్తే, వ్యాసం చూసిపెట్టిన మాస్టారు కొట్టేసి 'న్యాయం' అని దిద్దారు. 'పేదలకు న్యాయం ఇచ్చారు' అంటే వాక్యం నిలబడటం లేదు. ఏది రాయాలి? 'తిక్కున్ ఓలామ్'కి 'లోకోద్ధరణ' సరిపోతుందా?

సమాధానం: మాస్టారు ధాతువు చూశారు, మీరు వాక్యం చూశారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది.

'త్సెదెక్' అంటే న్యాయం. బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలో 'త్సెదెక్ త్సెదెక్' అని ఆ మాట వెంట వెంటనే రెండుసార్లు వస్తుంది. తెలుగు బైబిల్ వాళ్లు అక్కడ 'కేవలము న్యాయమునే' అని, 'కేవలము'తోనూ ఒక ఏకారంతోనూ ఆ ద్విరుక్తి పని కానిచ్చారు. త్సెదకా ఆ ధాతువులోంచే వచ్చింది. అయితే వాడుకలో దాని అర్థం పేదవాడికి డబ్బో తిండో పనో అందించడం. అందుకే 'న్యాయం' మీ వాక్యంలో ఇమడలేదు.

మరి దానం? దానం చేసినవాణ్ని మెచ్చుకుంటాం, చెయ్యనివాణ్ని పెద్దగా తప్పు పట్టం. త్సెదకా అలా కాదు, ఎగ్గొడితే తప్పే. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ చెప్పే ఊళ్లలో 'కుప్పా' అనే ఉమ్మడి నిధి ఉండేది. ఇవ్వాల్సినవాళ్ల దగ్గర గట్టిగా అడిగి వసూలు చేసేవాళ్లు. వసూలుకి ఇద్దరు, పంపకానికి ముగ్గురు. పంపకానికి ముగ్గురెందుకంటే, డబ్బు తగాదాలు తీర్చే న్యాయస్థానంలో కూర్చునేది ముగ్గురు కాబట్టి. త్సెదకా మీద బతికేవాడు కూడా తనకు వచ్చినదాంట్లోంచి త్సెదకా ఇవ్వాలన్నారు. 'అపాత్రదానం' అనే మాట మనకుంది. తాల్ముద్ పండితులు మాత్రం, ఆకలి అన్నవాడి అర్హత విచారించొద్దు, బట్టలడిగితే కావాలంటే విచారించు అన్నారు.

దానం కుదరదనడానికి ఇంకా గట్టి ఆధారం 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దగ్గర దొరుకుతుంది. త్సెదకాకి ఆయన ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పైమెట్టు ఏమిటంటే, ఒకడు మళ్లీ ఎవరి ముందూ చెయ్యి చాపే అవసరం రాకుండా అతనికి కానుకో అప్పో ఇవ్వడం, వ్యాపారంలో భాగం కల్పించడం, లేదా పని చూపించడం. 1892లో న్యూయార్క్ యూదులు వలస వచ్చినవాళ్లకు వడ్డీ లేని అప్పులిచ్చే సంఘం పెట్టుకున్నారంటే ఇదే దారి. మనం చేబదులు అంటామే, దాన్నే ఒక సంస్థ స్థాయికి పెంచారు. ఇప్పుడు చెప్పండి, తిరిగి తీర్చాల్సిన అప్పు దానమెలా అవుతుంది?

నా ఓటు 'ధర్మం'కి. బిచ్చగాడు 'ధర్మం చెయ్యండి బాబూ' అంటాడు. జడ్జీలు కూర్చునేది ధర్మాసనం. డబ్బు కట్టక్కర్లేనిది ధర్మాసుపత్రి. 'ధర్మంగా నాకు రావాల్సిన వాటా' అంటే న్యాయంగా దక్కాల్సిందని. ఇవ్వడమూ న్యాయమూ ఒకే మాటలో కలిసి ఉండటం మన భాషలో ఎప్పటినుంచో ఉంది. సంస్కృత పండితులు దీన్ని లోకువ చేస్తారేమో గానీ, ఇక్కడ బిచ్చగాడి తెలుగే మీకు అక్కరకొస్తుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. 'యూదు ధర్మం' అని రాశారంటే పాఠకుడు మతం అనుకుంటాడు. 'నీకేమైనా ధర్మానికి ఇస్తున్నానా' అనే ఎత్తిపొడుపు కూడా తెలుగులో ఉంది. కాబట్టి మొదటిసారి 'త్సెదకా, అంటే చెయ్యక తప్పని ధర్మం' అని విప్పి చెప్పి, తర్వాత త్సెదకా అనే ఉంచండి. క్రియ విషయంలో 'చేశారు' కన్నా 'చెల్లించారు' మేలు. 1985లో మొదలైన మజోన్ అనే అమెరికా యూదుల సంస్థ, పెళ్లి వంటి వేడుకల ఖర్చులో 3 శాతం ఆకలి తీర్చడానికి పక్కన పెట్టమని అడిగింది. 'వేడుక ఖర్చులో 3 శాతం త్సెదకాగా చెల్లించారు' అనండి, బాకీ అనే అర్థం దానంతటదే వస్తుంది.

మీ వ్యాసంలో పొలాల్లో మిగిలిన పంట ప్రస్తావన వస్తే 'మిగులు ధాన్య సేకరణ' లాంటివి రాయకండి. కోత తర్వాత పొలంలో రాలి మిగిలిన కంకులకు మనకి పరిగె అనే మాట ఉంది. పొలం ఓరలు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి పేదలకూ పరదేశులకూ వదిలెయ్యమని లేవీయకాండం 19లో ఉంది. బైబిల్ కథలో రూతు అనే పేద వితంతువు ఏరుకున్నదీ పరిగే. ఇజ్రాయెల్‌లో మిగిలిన పంట కోయించి పేదలకు పంపే లెకెత్ అనే సంస్థ పేరుకి అర్థం కూడా అదే.

ఇక 'లోకోద్ధరణ'. అర్థం దగ్గరదే గానీ 'నువ్వేం ఉద్ధరించావులే' అని అనీ అనీ తెలుగువాళ్లం ఆ మాటకి వెటకారం అంటగట్టాం. పైగా తాల్ముద్‌కి మూలమైన మిష్నా అనే గ్రంథంలో తిక్కున్ ఓలామ్ చాలా నేలబారు సంగతి. యూదుల చట్టం ప్రకారం ప్రతి ఏడో ఏట అప్పులు రద్దవుతాయి కాబట్టి, ఆ ఏడు దగ్గరపడేకొద్దీ పేదలకు అప్పు పుట్టేది కాదు. అందుకని బాకీని న్యాయస్థానానికి అప్పగించే పత్రం ఒకటి హిల్లెల్ అనే పండితుడు ఏర్పాటు చేశాడు. దానికి చెప్పిన కారణం తిక్కున్ ఓలామ్. అంటే అక్కడ జరిగింది చట్టంలో పడ్డ చిక్కు విప్పడం. 'లోకాన్ని చక్కదిద్దడం' అని రాయండి. ఆ మాట వాడే ఇప్పటి సమాజసేవ ఉద్యమాలకైనా, అప్పటి అప్పుపత్రానికైనా అది సరిపోతుంది.

మీరు అడగలేదు గానీ, అక్షరం గురించి ఒక మాట. త్సెదకా మొదట్లో ఉన్నది మన చాప, చలి మాటల్లో పలికే దంత్య చకారం లాంటిదే. ఎకారం ముందు తెలుగులో ఆ ధ్వని రాదు కనుక 'చెదకా' అని రాస్తే మనవాళ్లు తప్పుగా పలుకుతారు. మీరు రాసిన 'త్సె' అలాగే ఉంచండి.