పుస్తకాల ప్రశ్నలు: పోలీసులే లేని హత్యానవల

ప్రశ్న: ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా నవల 'తెరేజ్ రాకన్' చదివాను. ప్రియుడు లోరాన్‌తో కలిసి తెరేజ్ భర్తను చంపడం మూడోవంతులోనే అయిపోయింది. వాళ్లని ఎవరూ అనుమానించరు. మరి మిగతాదంతా పశ్చాత్తాపమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ మాటకు జోలాయే ఒప్పుకోడు. 1867లో వచ్చిన ఈ నవలను లూయీ ఉల్బాక్ మారుపేరుతో 'ఫిగారో' పత్రికలో కుళ్లు సాహిత్యమని దుమ్మెత్తిపోశాడు. 1868 నాటి రెండో ముద్రణ ముందుమాటలో జోలా బదులిచ్చాడు: తాను పరిశీలించింది గుణగణాలను కాదు, శరీర తత్వాలను, పశ్చాత్తాపంలా కనిపించేది నరాల తిరుగుబాటు మాత్రమే.

మొత్తం 32 అధ్యాయాలు. హత్య 11వ దాంట్లో. సెన్ నదిలో పడవ మీంచి లోరాన్ తోసేస్తుంటే, తెరేజ్ భర్త కామిల్ అతని మెడ కండ ఊడొచ్చేలా కొరుకుతాడు. ఆ పంటిగాటును వదలకుండా చదవండి. తర్వాత తెరేజ్‌తో పెళ్లిరోజు లోరాన్ గట్టి కాలర్ దానికి ఒరుసుకుని మండుతుంది. ఆ రాత్రే అక్కడ ముద్దుపెట్టమని తెరేజ్‌ని బలవంతపెడతాడు. గాయం మానినా మచ్చ ఊరుకోదు. చివర్లో తెరేజ్ మేనత్త కాళ్ల దగ్గర ఏడుస్తుంది కదా అంటారేమో. (కామిల్ ఆమెకు మేనబావే, మేనత్తే అత్తగారు.) ఆ ఏడుపు కూడా నరాలు కాస్త సర్దుకోవడానికి వేసుకునే మందే. నోరూ కాళ్లూ చేతులూ పడిపోయిన ఆ ముసలామెకు మాత్రం అది చిత్రహింస.

నా లెక్కలో నవలకు గుండెకాయ ఆమె వేలు. గురువారం డామినో ఆటలో, అందరి ఎదుటా, చచ్చుబడ్డ చేతిని ఎలాగో కదిలించి, బల్లమీది గుడ్డపై 'తెరేజ్, లోరాన్' అని అక్షరం అక్షరం రాస్తుంది. అసలు మాట రాసేలోపు చెయ్యి చచ్చుబడుతుంది. 'నిన్ను బాగా చూసుకుంటున్నారనేగా!' అని ఆటకొచ్చిన గ్రివే పూర్తిచేస్తాడు, మిగతావాళ్లు తలూపుతారు.

ప్రశ్న: నవలలో శవాలగదికి జనం వేడుక చూడ్డానికి పోవడం కల్పనేనా?

జవాబు: కాదు. గుర్తు తెలియని శవాలను ఎవరైనా పోల్చుకుంటారని ప్యారిస్‌లో అద్దం వెనక పలకలపై పడుకోబెట్టేవారు. ప్రవేశం ఉచితం. 1907లో గానీ మామూలు జనానికి తలుపులు మూయలేదు. శవాలపై పడే నీటిధారను కూడా జోలా వదల్లేదు. ఒక మొహంలో ముక్కు పక్కన అది గుంట చేసిందని రాశాడు.

ప్రశ్న: నాటకం, సినిమా ఉన్నాయా?

జవాబు: జోలాయే 1873లో నాలుగంకాల నాటకం చేశాడు. అంతా ఒకే గదిలో. నది రంగస్థలం మీదికి రాదు, హత్య అంకాల మధ్యన జరిగిపోతుంది. మార్సెల్ కార్నే 1953 సినిమాలో సిమోన్ సిన్యోరే నటించింది. అందులో పడవ బదులు రైలు, పైగా డబ్బు కోసం బెదిరించే సాక్షి ఒకడు. సినిమాగా బాగుంటుంది. కానీ ఆ సాక్షి వచ్చాక భయం బయటినుంచి వస్తుంది కాబట్టి, నవల పూర్తిచేశాకే చూడండి.