రెనసాన్స్ ఫెయిర్‌లో వేషం కడతారా? ముందు వీసా, తర్వాత జడ

సందేహం: అమెరికా వచ్చి ఏడాదయింది, హెచ్4 (హెచ్1బీ లాంటి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చేది) మీద ఉన్నాను. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసేదాన్ని. మొన్న రెనసాన్స్ ఫెయిర్‌కి, అదే, నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు ఊరిలా అలంకరించిన సంతకి వెళ్తే అక్కడ రాణి దగ్గర్నుంచి చేపలమ్మే ఆవిడ దాకా వేషాలు కట్టి తిరుగుతున్నారు. నాకూ చేయాలని ఉంది. వలంటీరుగా చేరొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీరు చూసినది మన పగటి వేషాలకు దగ్గరి చుట్టం. స్టేజీ లేదు, తెర లేదు, జనం మధ్యే నడుస్తూ పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మనిషిగానే ఉండాలి. 1963లో లాస్ ఏంజెలెస్ దగ్గర ప్యాటర్సన్ దంపతులు ఒక రేడియో స్టేషన్‌కు విరాళాల కోసం మొదలుపెట్టిన సంత ఇది. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రతి పెద్ద ఊరికీ ఒకటి అందుబాటులో ఉంది. డాలస్ వాళ్లకు వాక్సహాచీలో స్కార్‌బరో, హ్యూస్టన్ వాళ్లకు టాడ్ మిషన్‌లో టెక్సస్ ఫెస్టివల్, అట్లాంటా వాళ్లకు ఫెయిర్‌బర్న్, షార్లట్ వాళ్లకు హంటర్స్‌విల్, షికాగో వాళ్లకు కెనోషా దగ్గర బ్రిస్టల్, న్యూజెర్సీ వాళ్లకు టక్సీడో.

బట్టల సంగతి తర్వాత. ముందు కాగితాలు. పెద్ద ఫెయిర్లలో చాలావరకు లాభం కోసం నడిచే ప్రైవేటు కంపెనీలు. అమెరికా కార్మిక చట్టం ప్రకారం అలాంటి కంపెనీకి ఎవరూ ఊరికే 'వలంటీరు'గా పనిచేయడానికి వీల్లేదు. ఆ అవకాశం స్వచ్ఛంద, మత, ప్రభుత్వ సంస్థలకే. పౌరులకైతే ఇది కంపెనీ తలనొప్పి. హెచ్4, హెచ్1బీ, ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు మాత్రం వీసా స్టేటస్ తలనొప్పి. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మీరు ఉచితంగా చేసినా అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కేసే ప్రమాదం ఉంది. 'జీతం లేదు కదా' అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఉచిత పాసులు, భోజనం కూపన్లు, టోపీలో పడే టిప్పులు కూడా ప్రతిఫలమే అవుతాయి. ఒక తేలిక గుర్తు చెబుతాను: చేరేటప్పుడు ఐ-9 (పనిచేసే అర్హత చూపేది), డబ్ల్యూ-4 (జీతం మీద పన్ను కోతకు) ఫారాలు చేతికిచ్చారంటే వాళ్లు మిమ్మల్ని ఉద్యోగిగా చేర్చుకుంటున్నారన్నమాట. ఈఏడీ (పని అనుమతి కార్డు) గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే అక్కడే ఆగిపోండి.

దారులు లేకపోలేదు. కొన్ని చిన్న ఫెయిర్లను లాభాపేక్ష లేని సంస్థలే నడుపుతాయి. పెద్ద ఫెయిర్లలో కూడా కొన్నిచోట్ల గిల్డులనే బృందాలుంటాయి. నావికుల గిల్డు, నేతగాళ్ల గిల్డు, స్కాట్లండు సిపాయిల గిల్డు, ఇలా. వాటిలో 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న స్వచ్ఛంద సంస్థగా, రిజిస్టరయినవి ఉంటే సభ్యురాలిగా చేరడం ఎంతో నయం. అయినా ఒక ఈమెయిల్ మీ వీసా లాయరుకు, ఎఫ్1 అయితే డీఎస్ఓకు (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) పెట్టి, జవాబు దాచుకోండి. ఇదంతా తేలేలోపు చేయగలిగింది ఒకటుంది. టికెట్ కొనుక్కుని, పూర్తి వేషంతో ప్రేక్షకురాలిగా వెళ్లడం. ఇలాంటివాళ్లను అక్కడ 'ప్లేట్రన్' అంటారు. దీనికి ఏ వీసా అడ్డూ లేదు. ఒక సీజన్ అలా తిరిగితే సగం విద్య వచ్చేస్తుంది.

ఇక ఆడిషన్లు. ఫెయిర్ తెరవడానికి నాలుగైదు నెలల ముందే అయిపోతాయి, కాబట్టి గేట్లు తెరిచాక అడిగితే వచ్చే ఏడాది రమ్మంటారు. ఒకటి రెండు నిమిషాల ఏకపాత్ర, ఒక పాట రెండు చరణాలు, తర్వాత నలుగురైదుగురిని కలిపి అప్పటికప్పుడు అల్లే సన్నివేశం. ఎంపికలో ఎక్కువ బరువు ఆ మూడోదానికే. గట్టిగా అరిచేవాళ్లకంటే పక్కవాడి మాట విని దాన్ని అందుకునేవాళ్లను తీసుకుంటారు. ఆ తర్వాత వారాంతాల్లో రిహార్సల్స్, ఆపైన ఆరు నుంచి తొమ్మిది వారాంతాల సీజన్. శని, ఆదివారాలు రెండూ రావాలి. రెండు మూడు సార్లు ఎగ్గొడితే పాత్ర పోతుంది. టెక్సస్ ఫెస్టివల్ అక్టోబరు, నవంబరుల్లో నడుస్తుంది కాబట్టి బతుకమ్మ, దసరా, దీపావళి వేడుకలు చాలావరకు వారాంతాల్లో దీంతో ఢీకొంటాయి. ఇంట్లో ఆ పంచాయితీ ఫారం నింపకముందే తేల్చుకోండి. వాక్సహాచీది ఏప్రిల్, మే. దానికి పోటీ వచ్చేది ఉగాది, శ్రీరామనవమి మాత్రమే.

'నా రంగుకు, నా ముఖానికి ట్యూడర్ రాజుల కాలపు ఇంగ్లండులో చోటేది?' అన్న సంకోచం మనవాళ్లలో ఉంటుంది. దానికి చరిత్రే జవాబు చెబుతుంది. ఎనిమిదో హెన్రీ ఆస్థానంలో జాన్ బ్లాంక్ అనే నల్లజాతి బాకా వాద్యకారుడున్నాడు, 1511 నాటి చిత్రపటంలో అతని బొమ్మే ఉంది. రాల్ఫ్ ఫిచ్ అనే లండన్ వర్తకుడు 1583లో బయల్దేరి, గోల్కొండ చూసి, ఫతేపూర్ సిక్రీలో అక్బరు దర్బారు దాకా వెళ్లి 1591లో ఇల్లు చేరాడు. బంగాళాఖాతం తీరం నుంచి వచ్చిన ఒక భారతీయ కుర్రాడికి 1616 డిసెంబరు 22న లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి పీటర్ అని పేరు పెట్టారు. కాబట్టి గోల్కొండ వజ్రాల వర్తకుడి కూతురు పాత్ర అడిగితే నవ్విపోరు.

కానీ ఏడాది చూసుకోవాలి. బ్రిస్టల్ ఫెయిర్ కథాకాలం 1574, మొదటి ఎలిజబెత్ ఆ ఊరికి వచ్చిన సంవత్సరం. అప్పటికి ఫిచ్ ఇంకా ఓడెక్కనే లేదు. మేరీలాండ్ ఫెయిర్‌లో, స్కార్‌బరోలో ఎనిమిదో హెన్రీ కాలం. ఆ రోజుల్లో మన సరుకు లిస్బన్ మీదుగా పోర్చుగీసువాళ్ల చేతుల్లోంచి వెళ్లేది. కాబట్టి అక్కడ మీ పాత్ర లిస్బన్ నుంచి రావాలి. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్ల కోఠీ (వర్తక కేంద్రం) 1611లోగానీ మొదలు కాలేదు కనుక ఈస్టిండియా కంపెనీ పేరు ఎత్తొద్దు. తిండి మాటొస్తే మిరియాలే మాట్లాడండి. మిరపకాయ అప్పటికి మనకే కొత్త.

అలాగని భారతీయ పాత్రే వేయాలనేమీ లేదు. మొదటి ఏడాది మామూలు చాకలి మనిషి, రొట్టెలమ్మే ఆవిడ లాంటి పాత్ర మేలు. చేతిలో పనుంటే మాట దానంతటదే పుడుతుంది. బుట్టలో ఉల్లిపాయలున్న మనిషికి అవి అమ్మాలి. ఖాళీ చేతులతో నడిచే దొరసానికి పది గంటల నుంచి ఆరింటిదాకా ఏం మాట్లాడాలో తోచదు.

భాషలో మీకు అమెరికన్ల కంటే ఒక మెట్టు పైనే మొదలు. ఆ కాలపు ఇంగ్లీషులో 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు, అంతే. పిల్లలకు, స్నేహితులకు, కిందివాళ్లకు, కోపం తెప్పించినవాళ్లకు 'దౌ'. దొరలకు, పెద్దలకు, కొత్తవాళ్లకు 'యూ'. దేవుణ్ణి మాత్రం మనలాగే వాళ్లూ నువ్వనే అనేవారు. ఎవరిని ఎప్పుడు మీరు అనాలో మనకు వేరే చెప్పక్కర్లేదు. వాళ్లు నెలల తరబడి తడబడతారు. రూపాలు మాత్రం బట్టీ పట్టండి: దౌ ఆర్ట్, దౌ హ్యాస్ట్, దౌ డస్ట్, నిన్ను, నీకు అనేచోట 'దీ', నీ అనేచోట 'దై', అచ్చు ముందు 'దైన్'. హాత్, డాత్ (ఇప్పటి హ్యాజ్, డజ్) అనేవి అతడు, ఆమెలకే. 'దౌ హాత్' అంటే 'నువ్వు ఉన్నాడు' అన్నట్టు. నైట్ బిరుదున్నవాణ్ణి 'సర్ వాల్టర్' అని మొదటి పేరుతో పిలవాలి. ఇంటిపేరుతో 'సర్ ర్యాలీ' అంటే తప్పు.

యాస గురించి: సినిమాల్లో విన్న బ్రిటిష్ యాస తెచ్చిపెట్టుకోవద్దు. ఆ కాలంలో ర-కారాన్ని పూర్తిగా పలికేవారు, మన నాలుకకు అది హాయి. ఇబ్బంది పెట్టేవి రెండు. మన వ-కారం ఇంగ్లీషులోని రెండు ధ్వనులకూ మధ్యలో ఉండిపోతుంది. 'వైన్' అనే పానీయానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. ద్రాక్షతీగ 'వైన్'కు పైపళ్లు కింది పెదవికి తగలాలి. రెండోది, గొంతు పెంచగానే మాట చివర ఉ-కారం వచ్చి చేరుతుంది: 'మై లార్డు', 'గుడ్డు మారో'. అజంత భాష అలవాటది. ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఆరుబయట యాభై అడుగుల దూరం నుంచి వింటే తెలుస్తుంది.

బట్టల విషయంలో కాస్త ఓపిక పట్టండి, ఎక్కువ డబ్బు దండగయ్యేది ఇక్కడే. హాలోవీన్ దుకాణంలో దొరికే పాలిస్టర్ గౌను కొనొద్దు. కాస్ట్యూమ్ డైరెక్టరు ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఎండలో ఉడికిపోతారు. పేద వేషానికి కావలసింది ఒక లోపలి కమీజు, రెండు లంగాలు, ఒక బాడీసు, ఒక తలగుడ్డ, తోలు బూట్లు. కమీజుకు మూడు నాలుగు గజాల నార బట్ట, ఒక్కో లంగాకు నాలుగు గజాలు. నార బట్ట దొరక్కపోతే, డైరెక్టరు సరేనంటే, ఊరి నుంచి తెప్పించిన రంగు వేయని చేనేత నూలు దూరానికి తేడా తెలియదు. అంచులో జరీ ఉంటే కత్తిరించేయండి. రంగులు మంజిష్ఠ ఎరుపు, మట్టి గోధుమ, పసుపు, నీలం. ఊదా జోలికి వెళ్లొద్దు. ఎవరే బట్ట కట్టాలో 1574లో ఎలిజబెత్ ఇచ్చిన ఫర్మానాలో ఊదాపట్టు రాజకుటుంబానికీ, కొన్ని హద్దులతో పెద్ద ప్రభువులకూ మాత్రమే రాసిపెట్టారు.

బాడీసు కుట్టించేటప్పుడు కొలత కమీజు మీద తీయాలి, ఒంటి మీద కాదు. ముందువైపు రెండు అంచుల మధ్య సుమారు రెండంగుళాల ఖాళీ వచ్చేలా తగ్గించి కుట్టాలి. బట్ట సాగాక తాడు బిగించడానికి ఆ ఖాళీ కావాలి. నిలబెట్టే ఎముకల కోసం హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు చాలు. తలకాయ కత్తిరించి, రెండు కొసలూ గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీయాలి. అది మరిస్తే మధ్యాహ్నానికి కొస బట్ట చీల్చుకుని చంకలో గుచ్చుతుంది. తాడు రంధ్రాలకు ఇనుప రింగులు వద్దు, కొట్టొచ్చినట్టు కనపడతాయి, లాగితే ఊడొస్తాయి కూడా. కత్తెరతో కోయకుండా మొనదేలిన సూదితో దారాలను పక్కకు జరిపి బొక్క చేసి, చుట్టూ కాజా కుట్టినట్టు దగ్గరదగ్గరగా కుట్టాలి. దారం తెగలేదు కాబట్టి బొక్క సాగదు. రంధ్రాలు అంగుళానికొకటి, రెండు వైపులా ఎదురెదురుగా కాక మెట్లుగా ఉండాలి. ఒకే తాడు జిలేబీ చుట్టలా పైకి పోతుంది. బూట్ల లేసులా అడ్డంగా కట్టడం తర్వాతి కాలపు పద్ధతి.

జడ ఉంటే అదృష్టవంతులు. మిగతావాళ్లు సవరం కొనుక్కుంటారు. రెండు జడలు వేసి, ఒకదాన్ని నడినెత్తి మీదుగా, రెండోదాన్ని వెనక మెడ దగ్గరగా చుట్టి, అరంగుళం వెడల్పు నూలు రిబ్బనును మొద్దు సూదికి ఎక్కించి, జడను తలమీది జుట్టుకు కుట్టేయాలి. పిన్ను ఒక్కటీ అక్కర్లేదు. దానిమీద తెల్ల తలగుడ్డ కట్టి, గుండుసూది ఆ రిబ్బనుకే గుచ్చితే రోజంతా కదలదు. కొబ్బరినూనె మాత్రం ముందురోజు రాత్రి వద్దు, గుడ్డకు మరక దిగుతుంది. మంగళసూత్రం కమీజు లోపలికి వేసుకోండి, ఎవరూ తీయమనరు. ఇంగ్లీషు పాత్రకు బొట్టు, ముక్కుపుడక తీయాల్సి రావచ్చు. అది ఇష్టం లేకపోతే ముందే చెప్పి గోల్కొండ పాత్ర అడగండి. వాచీ, గోళ్లరంగు, గోరింటాకు, చలవ కళ్లద్దాలు కనపడకూడదు. కళ్లజోడు ఉంటే లెన్సులు, కుదరకపోతే గుండ్రటి సన్న ఫ్రేము.

వీధిలో ఒక్కో పలకరింపు అరనిమిషం, మహా అయితే నిమిషం. 'బాగున్నారా' అనడిగితే 'ఆ' అని వెళ్లిపోతారు. దానికి బదులు ఎదుటివాళ్లకే ఒక పాత్ర అంటగట్టండి: 'అయ్యో డాక్టరుగారూ, నిన్నటి నుంచి మేక మీకోసమే చూస్తోంది!' వాళ్లు నవ్వి ఒక మాటంటే దాన్ని అందుకోండి. చూపు దించుకుంటే, పక్కకు జరిగితే, వందనం చేసి తప్పుకోండి. ముట్టుకోవద్దు, పిల్లల్నయితే అసలే వద్దు. వెళ్లిపోవడానికి ఒక వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. మొదటిసారి వాళ్లంతా ఇరుక్కునేది మొదలుపెట్టడం దగ్గర కాదు, ముగించడం దగ్గర. సాయంత్రం నాలుగు దాటాక బీరు పుచ్చుకున్నవాళ్లు ఎదురవుతారు, ఆ వేళకు ఒంటరిగా తిరగొద్దు. పిల్ల తప్పిపోయినా, ఎవరైనా కళ్లు తిరిగి పడినా, యాస వదిలేసి మామూలు ఇంగ్లీషులో మాట్లాడండి. ఇది ఆట కాదని జనానికి అర్థమయ్యేది అలాగే.

ఎండ అసలు శత్రువు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. ఉప్పేసిన పల్చటి మజ్జిగ మట్టి లోటాలో పోసుకుని తాగితే అందరి ముందే తాగొచ్చు. ప్లాస్టిక్ సీసాకు గుడ్డ సంచి తొడగాలి. చెమట ఆగిపోయినా, ఎండలో గగుర్పాటు వచ్చినా నీడకు వెళ్లి మొట్టమొదట బాడీసు తాడు వదులు చేయండి. తాడు ముడి ఎప్పుడూ చేతికందేలా ముందువైపే ఉండాలి, వీపు వెనక కాదు. లంగాల కింద సైకిల్ షార్ట్స్ వేసుకోకపోతే తొడలు ఒరుసుకుపోయి ఆదివారం నడవలేరు. గడ్డిమోపుల మీద కూర్చుంటే ఇంటికెళ్లగానే పిడుదుల కోసం మోకాళ్ల వెనక, నడుము చుట్టూ చూసుకోండి.

శనివారం రాత్రి బాడీసు ఉతకడానికి వ్యవధి ఉండదు, ఉతికితే ఆరదు కూడా. నాటకాల వాళ్ల చిట్కా ఒకటుంది: చవక వోడ్కా, నీళ్లు సమపాళ్లలో స్ప్రే సీసాలో కలిపి లోపలివైపు చంకల దగ్గర కొట్టి ఫ్యాను కింద ఆరేయండి, తెల్లారేసరికి వాసన పోతుంది. సీసా మీద పేరు రాసి పెట్టండి, లేకపోతే వంటింట్లో ఇస్త్రీకి కలిపిన నీళ్లనుకుంటారు.